ముసలి ఈగ జ్ఞాపకం: గుంటూరులో పది వారాల ప్రాజెక్టు డైరీ

జనవరి 20

మగ్గిన అరటిపండు మీద మూగే చిన్న ఈగలే ఈ ప్రాజెక్టులో జంతువులు. డ్రోసోఫిలా మెలనోగాస్టర్, అన్నీ మగవే. చూడాల్సినవి మూడు. వయసు ముదిరేకొద్దీ గోడ ఎక్కే శక్తి ఎంత తగ్గుతుంది, అప్పుడే నేర్చుకున్నదాన్ని కాసేపు గుర్తుపెట్టుకునే శక్తి ఎంత తగ్గుతుంది, మేతలో స్పెర్మిడిన్ (జీవకణాల్లో సహజంగా ఉండే ఒక పదార్థం) కలిపితే ఆ తగ్గుదల నెమ్మదిస్తుందా. స్పెర్మిడిన్ తిన్న ముసలి ఈగల్లో వాసన జ్ఞాపకం నిలిచిందని బెర్లిన్ పరిశోధకులు 2013లో చూపించారు. ఆ పరీక్షలో వాసనకు జోడీగా కరెంటు షాక్ ఇస్తారు. ఇక్కడ షాక్ లేదు, ఆకలితో మాడ్చడమూ లేదు.

గోడకు ఒక పట్టిక అంటించాం. ఈగకు బాధో బెదురో కలిగించే ప్రతి మెట్టూ ఒక వరసలో, ఆ మెట్టు కొలతను ఎలా చెడగొట్టగలదన్నది పక్క వరసలో. రాసుకుంటూ పోతే రెండో వరస ఎక్కడా ఖాళీ రాలేదు. ముసలి ఈగను మొరటుగా పట్టుకుంటే కొలతలోకి వచ్చేది దాని వయసు కాదు, మన చెయ్యి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవినైనా జంతువనే అంటుంది. అయినా ఈగల ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి అడిగే ఆచారం లేదు. అడిగేవాళ్లు లేనప్పుడు ఆ పట్టిక మనమే రాసుకోవాలి.

ఏర్పాటు ఇలా. వయసును పోల్చేటప్పుడు చాలామంది ఒకే గుంపును 5వ రోజున, 30వ రోజున, 55వ రోజున పరీక్షిస్తారు. ఫిబ్రవరి గుంటూరు వేరు, మార్చి ఆఖరి గుంటూరు వేరు. పరీక్ష చేసే చేతి అలవాటు కూడా రెండు నెలల్లో మారిపోతుంది. అందుకని పుట్టుకలనే ముందువెనకలు చేశాం. పెద్ద జట్టు ఫిబ్రవరి 3న ప్యూపాల నుంచి బయటికి వస్తుంది, నడి జట్టు ఫిబ్రవరి 28న, కుర్ర జట్టు మార్చి 26న. అన్నిటికీ ఎక్కుడు పరీక్ష మార్చి 27, 28 తేదీల్లో, జ్ఞాపకం పరీక్ష 29, 30, 31 తేదీల్లోనే. ఒక్కో జట్టులో సగానికి మామూలు మేత, సగానికి స్పెర్మిడిన్ మేత.

ఈగలు మైసూరు విశ్వవిద్యాలయంలోని డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ నుంచి డిసెంబరులోనే వచ్చాయి. రెండు తరాలు వేరే గదిలో ఉంచి, పేలలాంటి మైట్లు లేవని భూతద్దంలో చూసుకున్నాకే అసలు గదిలోకి తెచ్చాం.

జనవరి 22: మేత

లీటరు నీళ్లకు బెల్లం 100 గ్రాములు, బొంబాయి రవ్వ 100 గ్రాములు, మేతను గడ్డకట్టించే అగర్ 10 గ్రాములు, ప్రొపియోనిక్ ఆమ్లం 7.5 మి.లీ. మన దేశపు డ్రోసోఫిలా గదుల్లో ఎప్పటినుంచో నడుస్తున్న కొలత ఇదే. దీనికి రెండు మార్పులు చేశాం. ఎండు ఈస్టు 20 గ్రాములు రవ్వతో పాటే ఉడికించేశాం. బతికున్న ఈస్టును పైన చల్లితే ఒక సీసాలో దట్టంగా, ఇంకోదాంట్లో పలచగా పెరుగుతుంది. ఈస్టే ఈగకు ప్రోటీను, దాని పాళ్లు మారితే ఆయుష్షే మారుతుంది. రెండోది, మిథైల్ పారాబెన్ పది శాతం ఆల్కహాల్ ద్రావణం 10 మి.లీ. బూజుకు ఆమ్లం ఒక్కటే ఇక్కడి తేమలో చాలదు.

బెల్లం నల్లదే తీసుకోవాలి. పచ్చగా మెరిసే బెల్లంలో రంగు తేలడానికి కలిపే హైడ్రోస్ అనే రసాయనం ఉండొచ్చు. ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఒకే దిమ్మ నుంచి కొట్టించి డబ్బాలో పెట్టాం. పురుగు మాత్ర వేసి నిల్వచేసిన రవ్వ మాత్రం వద్దు, పురుగును చంపేది ఈగను వదలదు.

అగర్‌ను ముందు చన్నీళ్లలో కలిపి మరిగించాలి, మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. రవ్వ వేశాక పది నిమిషాలు సన్నసెగ మీద తిప్పుతూనే ఉండాలి. దించి 60 డిగ్రీలకు చల్లారాక ఆమ్లం, పారాబెన్. అంతకంటే వేడిగా ఉంటే ఆమ్లం ఆవిరై పోతుంది, ముక్కుకు ఘాటు తగులుతుందంటే మేతలోది పోతున్నట్టే లెక్క. స్పెర్మిడిన్ 2 మోలార్ ద్రావణం లీటరుకు 2.5 మి.లీ. 45 డిగ్రీల దగ్గర కలిపాం, అంటే 5 మిల్లీమోలార్. మామూలు మేతలో అంతే నీళ్లు. స్పెర్మిడిన్ క్షార గుణం వల్ల ఆమ్లం పని చెడుతుందేమోనన్న అనుమానం ఉండేది. లెక్క కడితే 7.5 మి.లీ. ప్రొపియోనిక్ ఆమ్లం లీటరులో దాదాపు 0.1 మోలార్, దాని ముందు 5 మిల్లీమోలార్ ఎంత? బూజు తేడా రాలేదు.

సీసాకు 7 మి.లీ. పోస్తే లీటరు 140 సీసాలకు వస్తుంది. పోసిన రాత్రంతా పలచటి గుడ్డ కప్పి ఉంచి, తెల్లారాక దూది బిరడాలు పెట్టాలి. వేడి మీదే బిరడా పెడితే లోపలి గోడకు చెమ్మ పడుతుంది. ఆ చెమ్మలో రెక్క అంటుకున్న ఈగ మళ్లీ లేవదు.

జనవరి 24: గుడ్లు

బెల్లం అగర్ పళ్లెం మధ్యలో ఈస్టు ముద్ద పెట్టి ఆడ ఈగల్ని ఒక రాత్రి వదిలాం. పొద్దున తడి కుంచెతో గుడ్లు లెక్కపెట్టి సీసాకు 60 చొప్పున వేశాం, ఏడు సీసాలు, 420 గుడ్లు. కాస్త నడుము నొప్పి పని. కానీ లెక్క లేకుండా వదిలితే కొన్ని సీసాల్లో లార్వాలు కిక్కిరిసి, పొట్టిగా ఎదిగి, వాటి ఆయుష్షు వేరేగా ఉంటుంది. ఇంకొకటి, అక్కర్లేని ఈగలు వందలకొద్దీ పుట్టి చివరికి చంపాల్సి వస్తుంది. పెద్ద జట్టుకు కావాల్సినవి 160 మగవి. బయటికి వచ్చేవి 330 దాకా ఉంటే అందులో సగం మగవి, ఆడవి సంతానం కోసం ఉంచే స్టాక్ సీసాల్లోకి పోతాయి. మిగులు లేదు.

25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా సుమారు పది రోజులు. ఆ 25 నిలబెట్టడమే గుంటూరులో సగం ప్రాజెక్టు. ఇన్‌క్యుబేటర్ తెరమీద అంకె నమ్మకూడదు. అది కొలిచేది గాలిని, ఫ్యాన్ పక్కన. మేత పోసిన ఉత్త సీసాలో డీఎస్18బీ20 సెన్సరును గుచ్చి, దాన్ని మధ్య అరలో పెట్టాం. ముందు దాన్ని ఐసు నీళ్లలో ముంచి సున్నా సరిచూశాం, అర డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది, ఆ అర తీసేసి రాస్తున్నాం. కింది అర కంప్రెసర్ అదురుకు వణుకుతోంది. ఆ అదురు ఊరికే వదిలేసేది కాదు. మూడు రోజులు విడతలు విడతలుగా కంపనం ఇచ్చిన ఈగలు తమంతట తాము సందు దాటే ప్రయత్నం మానేస్తాయని, అందులో సెరటోనిన్ అనే మెదడు రసాయనం పాత్ర ఉందని జర్మనీలోని మైన్జ్ పరిశోధకులు 2017లో చూపించారు. కింది అర ఖాళీగా వదిలి, మిగతా అరల కింద అంగుళం మందం ఫోమ్ షీటు వేశాం.

లోపలి దీపం కూడా మార్చాం. ఇన్‌క్యుబేటర్‌తో వచ్చిన తెల్ల ఎల్‌ఈడీలో నీలి పాలు ఎక్కువ. రోజూ 12 గంటలు నీలి వెలుతురులో ఉంచిన ఈగల ఆయుష్షు తగ్గి, మెదడు కణాలు దెబ్బతిన్నాయని అమెరికాలోని ఒరెగాన్ నుంచి 2019లో వచ్చింది. వయసు కొలిచే చోట దీపమే వయసు పెంచితే ఎలా? పసుపు ఛాయ ఎల్‌ఈడీ పట్టీని 12 వోల్టుల డీసీ మీద పెట్టాం, డిమ్మర్ లేకుండా. చవక బల్బులు సెకనుకు వందసార్లు మినుకుతాయి. మనకది కనపడదు, ఈగ కన్ను మన కంటికంటే చాలా వేగం. వెలుతురు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

ఫిబ్రవరి 5: మగ, ఆడ వేరు చేయడం

3వ తేదీన 24 గంటల్లో బయటికి వచ్చినవాటిని మాత్రమే తీసుకుని, రెండు రోజులు కలిపి ఉంచి, ఇవాళ వేరు చేశాం. మగది చిన్నది, పొట్ట చివర నల్లన, ముందుకాలి మీద దువ్వెనలాంటి నల్ల గుర్తు. భూతద్దం కింద ఆ దువ్వెన కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు.

మత్తుకు ఈథర్ వాడలేదు. మంట అంటుకునే సరుకు, పైగా మోతాదు రవ్వంత ఎక్కువైతే ఈగ చచ్చిపోతుంది. ఐసు కూడా వద్దనుకున్నాం, ఇక్కడి గాలి తేమకు సీసా లోపల వెంటనే నీరు పడుతుంది. సోడా తయారీకి గ్యాసు పోసే దుకాణంలో కార్బన్ డయాక్సైడ్ సిలిండరు దొరుకుతుంది. రెగ్యులేటర్ తర్వాత గ్యాసును నీళ్ల సీసాలోంచి బుడగలుగా పోనిచ్చాం, లేకపోతే పొడి గ్యాసుకు ఈగ ఒళ్లు ఆరిపోతుంది. ఒక విడతకు 40 ఈగలు, ఐదు నిమిషాలు దాటకుండా గడియారం పెట్టుకుని. కార్బన్ డయాక్సైడ్ ఈగకు ఉత్త మత్తు కాదు. దాని వాసన పసిగట్టే నరాలు యాంటెనాలో, అంటే తల మీది మీసంలో, ప్రత్యేకంగా ఉన్నాయి, దాన్నుంచి అది పారిపోతుంది. అందుకే జీవితంలో ఒక్కసారే, ఇవాళే. ఇక మీదట ఏ ఈగకూ మత్తు లేదు, అన్నిటికీ పీల్చే గొట్టమే.

పీల్చే గొట్టం చేయడం తేలిక. 40 సెం.మీ. సిలికాన్ గొట్టం, ఒక కొసన 1 మి.లీ. పిపెట్ మొన, ఈగ పట్టేంత వెడల్పుకు వాలుగా కోసి, కోసిన అంచు దీపం సెగకు చూపించి నునుపు చేయాలి. గొట్టానికీ మొనకూ మధ్య సన్న నైలాన్ గుడ్డ. నోటితో మెల్లగా పీలిస్తే ఈగ మొనలో ఆగుతుంది, ఊదితే కొత్త సీసాలోకి పోతుంది. గట్టిగా పీలిస్తే గుడ్డకు కొట్టుకుని కాలు విరుగుతుంది. ముందు రోజు మేత ముక్కల మీద సాధన చేయించాకే ఈగల జోలికి రానిచ్చాం.

కాలు విరగడం చిన్న విషయం కాదు. ఒక కాలు తీసేసిన ఈగలు గాయం మానాక కూడా వేడికి అతిగా బెదురుతున్నాయని, ఆ మార్పు వారాలపాటు ఉందని సిడ్నీ పరిశోధకులు 2019లో రాశారు. గాయం నరాల్లో మిగిలిపోతుంది. అలాంటి ఈగను తెలియకుండా పరీక్షలో పెట్టి దాని నడకను ముసలితనం కింద రాయకూడదు. కాలు పోయిన ఈగకు వేరే సీసా, వేరే లెక్క.

ఫిబ్రవరి 11

నడి జట్టు కోసం ఉంచిన ఒక స్టాక్ సీసాలో పొద్దున ఈగలన్నీ వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. మేత బాగానే ఉంది, వేడి బాగానే ఉంది. పక్కగదిలో రాత్రంతా దోమల లిక్విడ్ మెషీన్ వెలిగింది. ఆ మందులు పైరిత్రాయిడ్లు. నరంలో సోడియం ద్వారాలు తెరుచుకున్నాక మూసుకోనివ్వవు, నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఈగలో ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువు పేరు పారా. అందులో ఒక మార్పున్న ఈగలు 29 డిగ్రీలు దాటితే కుప్పకూలి, చల్లబడితే లేచి నడుస్తాయి. అలా వేడికి చచ్చుబడే ఈగల నరాల మీద మన శాస్త్రవేత్త ఒబైద్ సిద్దీఖీ, అమెరికా శాస్త్రవేత్త సీమోర్ బెంజర్ కలిసి 1976లో రాసిన పరిశోధన ఈ రంగంలో మన దేశానికి గట్టి పునాది.

ఆ సీసా మొత్తం పక్కన పెట్టేశాం. మళ్లీ తిరిగినా నరం దెబ్బతిన్న ఈగలు జ్ఞాపకం పరీక్షకు పనికిరావు. అంతస్తు మొత్తం మీద కాయిల్సు, లిక్విడ్లు, స్ప్రేలు బంద్. కిటికీలకు దోమ తెర. సాయంత్రం ఫాగింగ్ బండి మోత వినపడగానే తలుపులు వేసి ఏసీ బయటిగాలి మూత మూయాలని గుమ్మం మీద రాసిపెట్టాం. చీమలకూ మందు కుదరదు కాబట్టి బల్ల నాలుగు కాళ్ల కింద నీళ్ల ముంతలు, నీళ్లలో చుక్క సబ్బు. సబ్బు లేకపోతే ఎర్రచీమలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వంతెన కట్టేస్తాయి.

ఫిబ్రవరి 20

సోమ, బుధ, శుక్రవారాల్లో సీసాలు మార్చడం ఇప్పటికి చేయి తిరిగింది. సీసాకు 20 ఈగలు, ఒక్కో మేతకు నాలుగు సీసాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన మేత సీసాలు 25 డిగ్రీలకు వచ్చాక లోపలి చెమ్మ తుడిచి వాడాలి.

చనిపోయినవాటిని ప్రతి మార్పులోనూ కచ్చితంగా తీసేయాలి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. చచ్చిన తోటి ఈగల్ని చూస్తూ ఉన్న ఈగలు త్వరగా ముసలివై త్వరగా చనిపోతున్నాయని, చూపు లేకపోతే ఆ తేడా పోతోందని, సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకం ఒకటి ఇందులో ఉందని మిషిగన్ పరిశోధకులు 2019లో చూపించారు. అంటే ఒక సీసాలో శవాలు వారమంతా వదిలేసి, ఇంకో సీసాలో రోజూ తీస్తే, మేత తేడా అనుకున్నది శవాల తేడా కావచ్చు. అందుకే మార్పు లేని రోజుల్లో కూడా పొద్దున ఒకసారి చూసి, చచ్చింది ఉంటే పీల్చే గొట్టంతో తీస్తున్నాం. చచ్చిందా లేదా అన్న అనుమానం ఉంటే కుంచె వెంట్రుకతో కాలు తాకితే చాలు, కదిలితే బతికున్నట్టే. తప్పించుకుపోయినవి, మేతకు అంటుకుపోయినవి చావు లెక్కలో రావు, వాటికి వేరే గీత.

ఇవాళ్టి నుంచి పెద్ద జట్టు సీసాల్ని పడుకోబెట్టాం. ముసలి ఈగ గోడ మీద నుంచి జారి వెల్లకిలా పడ్డప్పుడు, నిలబెట్టిన సీసాలో అది మేత మీదే పడుతుంది, రెక్కలు అంటుకుంటాయి. పడుకోబెడితే గాజు మీద పడి మళ్లీ లేస్తుంది.

మార్చి 5: ఎక్కుడు పరికరం

మామూలు పద్ధతిలో సీసాను బల్లకేసి కొట్టి ఈగలన్నీ అడుగున పడేలా చేసి, పది సెకన్లలో 8 సెం.మీ. గీత ఎన్ని దాటాయో లెక్కపెడతారు. కొట్టే చేతిని బట్టి అంకె మారుతుంది, ముసలి ఈగ కాలికి దెబ్బ. తేనెటీగల్ని 60 సెకన్లు గట్టిగా ఊపితే, తర్వాత ఎటూ తేలని వాసనను అవి చెడ్డదిగానే తీసుకున్నాయని, వాటి ఒంట్లో డోపమిన్, సెరటోనిన్, ఆక్టోపమిన్ అనే నరాల రసాయనాలు తగ్గాయని ఇంగ్లండులో 2011లో తేలింది. కొట్టి ఎక్కించిన ఈగను రెండు రోజుల తర్వాత జ్ఞాపకం పరీక్షకు తెస్తే, ఆ బెదురు ఎంత మిగిలిందో ఎవరు చెప్పగలరు?

కొట్టడం తీసేసి తిప్పడం పెట్టాం. విజయవాడ ఆటోనగర్‌లో 5 మి.మీ. యాక్రిలిక్ షీటు కోయించి ఒక చట్రం. అందులో 20 సెం.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు గాజు గొట్టాలు ఆరు, మధ్యలో ఇరుసు, పక్కన పిడి. పిడి తిప్పితే చట్రం ఒక్క సెకనులో తలకిందులవుతుంది, రెండు వైపులా ఫెల్ట్ గుడ్డ అంటించిన ఆపుడు కర్రలు. ప్లాస్టిక్ గొట్టాలు ముందు తెచ్చాం, ఏసీ పొడిగాలికి గోడలకు స్థిరవిద్యుత్తు పట్టి ఈగలు కాళ్లు చాపి అతుక్కుపోయాయి, గాజుకు ఆ బెడద లేదు. వెనక డీసీ ఎల్‌ఈడీ పలక మీద ట్రేసింగ్ కాగితం, ముందు 40 సెం.మీ. దూరంలో ఫోను, సెకనుకు 30 ఫ్రేములు.

కుర్ర ఈగలతో బ్రహ్మాండంగా పనిచేసింది. అన్నీ పైకి చేరతాయి, తిప్పగానే అన్నీ అడుగున ఉంటాయి. పెద్ద జట్టుతో తేడా కొట్టింది. వాటిలో కొన్ని అసలు పైకి చేరవు, అడుగునే ఉంటాయి. తిప్పగానే అవి పైన ఉంటాయి! గీత దాటినవాటి లెక్క తీస్తే ఎక్కలేనిదే మొదటి మార్కు కొట్టేస్తుంది. అందుకని లెక్క పద్ధతినే మార్చాం. తిప్పాక మొదటి నాలుగు సెకన్లలో ప్రతి ఈగ ఎక్కడ మొదలై ఎంత పైకి వెళ్లిందో ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేము ఫ్రేముగా గుర్తుపెట్టి, సెకనుకు ఎన్ని మి.మీ. అన్నది తీస్తున్నాం. పై 2 సెం.మీ.లో మొదలైనవి ఆ విడతకు లెక్కలో లేవు. జారిపడటం వేరే లెక్క. పని నాలుగింతలైంది, కానీ వచ్చేది నిజమైన అంకె.

మార్చి 9

మిరప యార్డుకు సరుకు దిగే రోజులు. గాలిలో ఘాటుకు మనుషులకు దగ్గు, తుమ్ములు. ఈగలకు ఏమవుతుందని అందరూ అడుగుతున్నారు. మిరపలో మంట కాప్సైసిన్‌ది. మనలో దానికి స్పందించే గ్రాహకం ఈగలో లేదు. ఆవఘాటు సంగతి అలా కాదు, ఆవఘాటున్న తిండిని ఈగ వద్దంటుంది, అలా వద్దనడానికి పెయిన్‌లెస్ అనే జన్యువు కావాలి. వేడి సూది తగిలితే దొర్లి తప్పుకోవాల్సిన లార్వా దొర్లకపోవడం చూసి 2003లో కనిపెట్టిన జన్యువే అది. కాబట్టి మిరప ఘాటు గురించి దిగులు లేదు, ఆవకాయ ఉన్న క్యారేజీ మాత్రం ఈ గదిలో విప్పకూడదు. ఈగ బాధను మన నాలుకతో కొలిస్తే రెండు వైపులా తప్పవుతుంది.

మార్చి 12

మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు లేదు. బయట 38. లోపల ఖాళీ జాగాల్లో ముందే పెట్టిన పది లీటర్ల నీళ్ల సీసాలు కాపాడాయి, మేతలో వేడి 27 దాటలేదు. నీళ్ల సీసాల్ని ఫ్రిజ్‌లో పెట్టి తేవడం పొరపాటు, పక్కనున్న సీసాలు 18కి దిగి ఈగలు మొద్దుబారతాయి. 25 డిగ్రీల నీళ్లే ఉండాలి, వాటి బరువే కాపలా.

మార్చి 22: చీకటి, వెలుతురు

జ్ఞాపకం పరీక్షకు ఎంచుకున్నది ఫ్రాన్సులోని తులూజ్‌లో 2002లో రూపొందిన పద్ధతి. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారపు దారి, ఒక కొస చీకటి, ఒక కొస వెలుతురు. ఈగ సహజంగా వెలుతురుకే పోతుంది. వెలుతురు కొసలో క్వినైన్ తడిపిన వడపోత కాగితం, కాళ్లతోనే చేదు తెలుస్తుంది. పదహారు విడతలు తిప్పితే నేర్చుకున్న ఈగ చీకటిని ఎంచుకోవడం మొదలుపెడుతుంది. చివరి నాలుగు విడతల్లో ఎన్నిసార్లు చీకటికి పోయిందన్నదే మార్కు. దీనికి మెదడులోని మష్రూమ్ బాడీలు కావాలి, అవి వైపుకు సుమారు 2,000 కణాల గుత్తులు. ఈగ మెదడు మొత్తం పటం 2024లో పూర్తయింది, 1,39,255 నరకణాలు. అంత చిన్న లెక్కలో ఇంత నేర్పు ఉంది.

క్వినైన్ హైడ్రోక్లోరైడ్ 0.1 మోలార్, అంటే 10 మి.లీ. నీళ్లకు 0.4 గ్రాములు. గోరువెచ్చని నీళ్లలో తొందరగా కరుగుతుంది. కాగితాన్ని తడిపి, పొడి కాగితంతో ఒకసారి అద్దాలి. అద్దకపోతే గుంటలో నీరు నిలిచి ముసలి ఈగ కాళ్లు ఇరుక్కుంటాయి, బయటపడే శక్తి దానికి లేదు. ఐదు విడతలకోసారి కాగితం మార్చాలి, ఏసీకి ఆరిపోతే చేదు తగలదు. చీకటి కొసను అల్యూమినియం రేకుతో చుట్టి, మీద నల్ల టేపు వేశాం. రేకు ఒక్కటే వేస్తే అతుకు సందులోంచి గీత వెలుతురు పడింది, ఈగలన్నీ ఆ గీత దగ్గర గుమిగూడాయి.

మొదటి నమూనాలో పెద్ద జట్టు ఈగలకు కుర్ర ఈగలకంటే మంచి మార్కులు వచ్చాయి. సంతోషపడే ముందు క్వినైన్ లేకుండా ఉత్త నీళ్లు పెట్టి అదే పరీక్ష చేశాం. ముసలి ఈగలు అప్పుడు కూడా చీకటికే ఎక్కువగా పోయాయి. అవి నేర్చుకోలేదు, వెలుతురు మీద ఆసక్తే తగ్గింది. వయసు మీద జ్ఞాపకం పరీక్ష చేసే ఎవరికైనా ఇది పెద్ద గొయ్యి, మార్కు ఎలా లెక్కపెడతామన్న దానిలోనే తప్పు దాక్కుని ఉంది.

పరిష్కారం ఇలా పెట్టాం. ప్రతి ఈగకూ ముందు నీళ్ల కాగితంతో ఆరు విడతలు. కనీసం ఐదుసార్లు వెలుతురుకు పోయిందే క్వినైన్ పరీక్షకు వెళుతుంది. దీనివల్ల ముసలి ఈగల్లో చురుకైనవే మిగులుతాయి, అది కూడా ఒక వంకరే. కాబట్టి ప్రతి గుంపులో ఎన్ని ఆగిపోయాయన్న అంకె మార్కు పక్కనే అచ్చవ్వాలి, కింద చిన్న అక్షరాల్లో కాదు.

మార్చి 27, 28

ఎక్కుడు పరీక్ష. లైట్లు వెలిగిన రెండు గంటల తర్వాత మొదలు, గొట్టానికి పది ఈగలు, అరగంట విశ్రాంతి, నిమిషం ఎడంతో ఐదు తిప్పులు. కుర్ర ఈగలు చకచకా పై మూతకు చేరుతున్నాయి.

52 రోజుల ఈగను ఫోను తెర మీద పెద్దది చేసి చూస్తే నడక తీరే వేరు. మూడు అంగుళాలు ఎక్కి ఆగుతుంది. వెనకకాలు ఒకటి గాజు మీద పట్టు దొరక్క గీరుకుంటుంది. ముందుకాళ్లతో యాంటెనా తుడుచుకోబోయి పట్టు వదిలి జారుతుంది. రెక్కల అంచులు చిరిగి దారాల్లా ఉన్నాయి. అడుగున వెల్లకిలా పడి, రెక్కల్ని గాజుకు తన్ని ఒక పక్కకు ఒరిగి, మళ్లీ అదే గోడ పట్టుకుంటుంది. పడ్డాక 30 సెకన్లలో లేవనివాటిని మిగతా తిప్పుల నుంచి తీసేశాం. వాటికి వేగం సున్నా అని రాసుకుంటే సరిపోతుంది, ఇంకో నాలుగుసార్లు పడేస్తే కొత్త సంగతేమీ తెలియదు.

మార్చి 29 – 31

నాలుగు దారులు, నలుగురు మనుషులు. ఈగకు 25 నిమిషాలు, ఉదయం 10 నుంచి 2 దాకా, రోజుకు 36 ఈగలు. మూడు రోజుల్లో 108, ఆరు గుంపులకు పద్దెనిమిదేసి. సీసాల మీద అంకెలే, ఏ మేతో పరీక్షించేవాళ్లకు తెలియదు. వయసు మాత్రం దాచలేం, చిరిగిన రెక్కలు చెప్పేస్తాయి. అందుకే ఎటు పోయిందన్నది మనిషి తీర్పుకు వదలకుండా గేటు మూశాక ఫోటో తీసి, తర్వాత వేరేవాళ్లు లెక్కపెట్టారు.

పరీక్ష అయిన ఈగను ఒంటరిగా వదలలేదు. ఒక్క ఈగనే రోజులకొద్దీ వేరుగా ఉంచితే నిద్ర తగ్గి, తిండి పెరుగుతుందని 2021లో న్యూయార్క్ పరిశోధకులు చూపించారు. అందుకే సాయంత్రానికల్లా తన గుంపు సీసాలోకే.

ఏప్రిల్ 2

వెలుతురు వడపోతలో ఆగిపోయినవాటికి బదులు పెట్టిన ఈగల్ని కూడా కలిపి చూస్తే, పెద్ద జట్టులో స్పెర్మిడిన్ సీసాలకూ మామూలు సీసాలకూ ఆగిపోయిన లెక్కలోనే తేడా కనిపిస్తోంది. అది జ్ఞాపకం తేడానా, కంటి తేడానా అన్నది ఈ 108తో తేలదు. మేత మార్కు విప్పినా స్పెర్మిడిన్ గురించి ఒక్క మాట కూడా బయటికి రాయడం లేదు. రెండో విడతలో క్వినైన్‌కు ముందు కంటి స్పందనను విడిగా కొలవాలి, ఎలక్ట్రోరెటినోగ్రామ్ (వెలుతురుకు కన్ను ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే పరీక్ష) చేసే ఏర్పాటు అడగాలి.

కుర్ర, నడి జట్ల ఈగలు స్టాక్‌కు వెళ్లాయి. పెద్ద జట్టులో మిగిలిన వాటిలో నడుస్తూ తింటున్నవి 25 డిగ్రీల్లోనే, పడుకోబెట్టిన సీసాల్లో, చనిపోయేదాకా ఉంటాయి, ఆయుష్షు లెక్కకు అవి కావాలి. రెండు పూటలు చూసినా వెల్లకిలానే ఉండి, తాకితే కాలు మాత్రం కదిపే ఈగలకు ముందు కార్బన్ డయాక్సైడ్ మత్తు, కదలిక పూర్తిగా ఆగాక మైనస్ 20లో ఒక రోజు. బల్ల మీద ఉండే ఆల్కహాల్ సీసాలోకి మెలకువలో ఉన్న ఈగల్ని దులపడం ఈ గదిలో ఇక లేదు, ఆ సీసా తీసేశాం.

రెండో విడత పెద్ద జట్టుకు గుడ్ల పళ్లేలు రేపు సాయంత్రం పెట్టాలి. బెల్లం అదే దిమ్మలోది ఇంకా కిలోన్నర ఉంది.